యాంప్లిఫయర్‌కు కునుకు నేర్పిన అక్క

మొన్న మా ఇంట్లో కొత్తగా కొన్న టీవీని కాసేపు ఎవరూ ముట్టుకోకపోయేసరికి తెర మీద ఒక ప్రశ్న వేసింది, ఇంకా చూస్తున్నారా అని. జవాబు చెప్పే లోపే చీకటైపోయింది. మా ఆవిడ రిమోట్ వెతుకుతుంటే నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. ఎక్స్ఛేంజి అక్క బతికుంటే దాన్ని చూసి ఏమనేదో నాకు తెలుసు. "నిద్రవొమ్మంటే పోతాంది, లేవమంటే లేస్తలేదు. గిది కూడ ఒక డిజైనేనా" అనేది.

ఆమె పోయి రెండేళ్లవుతోంది. ఆధార్ కార్డు మీద ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. కాశిబుగ్గలో మా గల్లీకి మాత్రం ఆమె ఎక్స్ఛేంజి అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైరైంది. నేను పెళ్లికి ముందు ఎనుమాముల మార్కెట్‌లో రైతుల మిర్చి అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో పనిచేస్తూ, ఆమె ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవాణ్ణి. ఆమెను అక్కా అన్నాను కాబట్టి ఆమె భర్త నాకు బావ అయ్యాడు. బావ జీవితమంతా పవర్‌లూమ్ షెడ్డులో గడిపాడు. మగ్గాల చప్పుడు ఆయన చెవుల్ని చాలావరకు తినేసింది. అందుకని అక్క ఇంట్లో ఏ మాటైనా గల్లీ చివరికి వినబడేటట్టే మాట్లాడేది. అలవాటైపోయి బయట కూడా అంతే. బ్యాంకులో ఆమె తన ఖాతా గురించి అడిగితే లైన్లో ఉన్నవాళ్లందరికీ ఆ ఖాతా సంగతి తెలిసిపోయేది.

రిటైరైనా ఎక్స్ఛేంజి ఆమెను వదల్లేదు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి "ఎర్తు సరిగ లేదు తమ్మీ, ఇన్ని మంచినీళ్లు తాగు" అనేది. పక్కింటి తోటికోడళ్లు ఇద్దరూ మాటలు మానేస్తే "లైన్ కట్ కాలే, ప్లగ్గు ఊడింది అంతే" అని ఇద్దర్నీ పిలిచి ఒకే పళ్లెంలో గారెలు పెట్టింది. ఆమె మెచ్చుకోలు ఎంత గొప్పదానికైనా ఒక్కటే మాట: "నడుస్తది."

పోపుల డబ్బాలు ఆ ఇంట్లో రెండుండేవి. ఒకదాంట్లో ఆవాలు, జీలకర్ర. రెండోదాంట్లో రెసిస్టర్లు, కెపాసిటర్లు. రెండూ వంటింట్లోనే, ఒకే గూట్లో. ఒకనాడు అక్క పెట్టిన పప్పులో నా పంటికింద రంగురంగుల గీతలున్న చిన్న గొట్టం ఒకటి తగిలింది. తీసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని గీతలు చదివి, "అరే, పొద్దటి సంది దీన్నే ఎతుకుతాన్న" అని కడిగి కొంగుకు తుడుచుకుని తీసుకుపోయింది. నా పన్ను సంగతి అడగలేదు.

యాంప్లిఫయర్‌ను అక్క సొంతంగా తయారుచేసింది బావ కోసమే. బజారులో దొరికే సెట్లు పెద్దగా పెడితే బావకు తలనొప్పి, తగ్గిస్తే ఏమీ వినబడదు. అక్క లెక్క ప్రకారం తప్పు బావ చెవులది కాదు, సెట్లది. నాకు అర్థమయ్యేటట్టు మా మార్కెట్ భాషలోనే చెప్పింది.

"మామూలు యాంప్లిఫయర్ల ఇద్దరు హమాలీలు ఉంటరనుకో. బస్తా ఒకని భుజం మీదికెళ్లి ఇంకొకని భుజం మీదికి మారుతది. మారేకాడ జర్కు ఉంటది గద? ఆ జర్కే మీ బావ చెవుల గుచ్చుతాంది. ఇది క్లాస్ ఏ. ఒక్కడే మోస్తడు, బస్తా కింద పెట్టడు."

"మరి పాట లేనప్పుడు అక్కా?"

"అప్పుడు గూడ దించడు. ఎప్పుడు పాట వస్తదో వానికేం ఎరుక? పెండ్లింట్ల పొయ్యి ఆర్పుతరా?"

ఆ ఆర్పని పొయ్యి ఎట్లా ఉంటుందో ఎండాకాలంలో తెలిసింది. ఎక్స్ఛేంజి తుక్కులో కొన్న ఇనుప బీరువా ముక్కలతో పెట్టె, దానికి రెండు పక్కలా దువ్వెనల్లాంటి అల్యూమినియం రెక్కలు. బియ్యం బస్తా అంత బరువు. పాట వచ్చినా రాకపోయినా ఆ రెక్కలు చెయ్యి పెట్టనిచ్చేవి కావు. హాల్లో ఒక మూల కూలర్, ఎదురు మూల యాంప్లిఫయర్. మధ్యలో కూర్చున్నవాడికి ముందు చలి, వెనుక వేడి. నేను ఒకసారి మార్కెట్ నుంచి వచ్చి, మిర్చి దుమ్ము పట్టిన తువ్వాల ఆలోచించకుండా దాని మీద పడేశాను. కాసేపటికి నేను, అక్క, బావ, పాల ప్యాకెట్ ఇవ్వడానికి వచ్చినాయన, నలుగురం వాకిట్లో నిలబడి దగ్గుతున్నాం. అప్పట్నుంచి మార్కెట్ బట్టలతో గడప దాటొద్దని నాకు ఆర్డరైంది.

చలికాలంలో మాత్రం దానికి గల్లీలో మంచి పేరుండేది. ఆడవాళ్లు తోడువేసిన పాల గిన్నెలు తెచ్చి దాని పక్కన పెట్టిపోయేవాళ్లు.

అసలు గొడవ స్విచ్చు దగ్గర. ఆ సెట్టు వేడెక్కితే గాని సరిగ్గా పాడదు. బావకు పొద్దున లేచిన వెంటనే రేడియో కావాలి. అందుకని ఆయన దాన్ని ఆర్పేవాడే కాదు. అక్క వచ్చి ఆర్పేది. ఆమె అటు తిరగగానే బావ వేసేవాడు.

"ఇంట్ల ఎవ్వరు లేకున్న అది మండుడెందుకయ్యా?"

"ఆర్పితే మల్ల ఏడెక్కాల్నంటే ఎంతసేపు? పాట అయిపోతది."

ఒక వైశాఖంలో ఇద్దరూ వర్ధన్నపేటకు పెళ్లికి పోయారు. బావ పోతూ పోతూ స్విచ్చు వేసిపోయాడు, వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందని. తిరిగొచ్చేసరికి, కరెంటు పోతే వెలిగించుకోవడానికి పెట్టె మీద నిలబెట్టిన కొవ్వొత్తులు వరుసగా నడుం వంచి, వచ్చినవాళ్లకు దండం పెడుతున్నట్టున్నాయి. అక్క ఒక కొవ్వొత్తిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బావ దొడ్డివైపు నడిచాడు.

మర్నాడు నన్ను పిలిచి చెప్పింది. "తమ్మీ, దీనికి కునుకు నేర్పాలె. నిద్ర కాదు. నిద్రవోతే లేపుడు కష్టం. కునుకైతే జర పిలిస్తే లేస్తది."

అంటే, పాట ఆగి కొంతసేపైతే లోపలి కరెంటు తనంతట తానే తగ్గిపోవాలి. సెట్టు చల్లారిపోకుండా గోరువెచ్చగా ఉండాలి. పాట రాగానే మళ్లీ పూర్తిగా లేవాలి. ముందువైపు చిన్న దీపం కూడా పెట్టింది. కునుకులో ఉంటే ఎరుపు, మెలకువగా ఉంటే ఆకుపచ్చ. లోపల రిలే అనే బుల్లి స్విచ్చు, అది మారినప్పుడల్లా 'టక్' మంటుంది.

నేర్పడం అంత తేలిగ్గా కాలేదు. మొదట్లో ఫ్రిజ్ మోటారు ఆన్ అయితే దీనికి మెలకువ వచ్చేది. పక్కింటివాళ్లు మిక్సీ వేసినా లేచేది. "ఇంత ఉల్కిపాటు నిద్రయితే ఎట్ల" అని అక్క మళ్లీ మూత విప్పేది. చలి మొదలయ్యేసరికి తోడు గిన్నెలవాళ్లు వచ్చి "మీ డబ్బా సల్లగైన కాణ్నుంచి మా పెరుగు కుదురుతలేదు" అని ఫిర్యాదు చేసిపోయారు. బావకైతే దాన్ని నిద్రపుచ్చడమే నచ్చలేదు. "పనిచేసేదాన్ని పండవెట్టుడేంది" అని సణిగేవాడు.

పాట ఆగాక చాలాసేపటికి గాని అది కునుకు తీయదు. ప్రతిసారీ అంతసేపు కాచుకుని కూర్చోలేక, పరీక్ష కోసం అక్క లోపల పెద్ద కెపాసిటర్ తీసి చిన్నది వేసింది. దాంతో పాట ఆగి గుక్క తిప్పుకునేలోపే టక్కున పడుకునేది. పరీక్ష అయిపోయాక మళ్లీ పెద్దది వేయాలి.

ఆ సమయంలోనే ఆమెతో పనిచేసిన పెద్దమనిషి ఒకాయన పోయాడు. రిటైరైనవాళ్లంతా కలిసి సంతాపసభ పెట్టుకున్నారు. మైకుసెట్టు అబ్బాయి అదే రోజు ఏదో పెళ్లికి ఒప్పుకుని వీళ్లకు ఎగ్గొట్టాడు. "మన అక్క దగ్గర ఉన్నది గదా" అన్నారెవరో. నేను, బావ, ఆటో డ్రైవర్ ముగ్గురం కలిసి ఆ పెట్టెను ఆటోలోకి ఎక్కించాం. ఆటో ఒకపక్కకు ఒరిగి, అట్లాగే నడిచింది.

ముందుగా మౌనం పాటించమన్నారు. అందరం లేచి తలలు వంచి కళ్లు మూసుకున్నాం. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు 'టక్' మంది. అందరూ కళ్లు తెరిచారు. నా పక్కనున్న అక్క నాతో గుసగుసగా ఒక మాట అంది. ఆమెకు గుసగుస ఎక్కడ వస్తుంది. హాలంతా విన్నది.

"అయ్యో తమ్మీ, పెద్ద కెపాసిటర్ ఎయ్యలేదు."

చనిపోయినాయన కొడుకు ఆమె వైపు కృతజ్ఞతగా చూసి తలూపాడు. బాధలో ఏదో అన్నదనుకున్నాడు.

తర్వాత సంఘం అధ్యక్షుడు లేచాడు. సభల్లో ఆయన మైకు పట్టుకుంటే వెనుకవాళ్లు చెప్పులు వేసుకునేవాళ్లని చెప్పుకునేవారు. స్టాండుకున్న మైకుకు నోరు ఆనించి, జేబురుమాలు అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడతాడు. మాటకూ మాటకూ మధ్య కళ్లు తుడుచుకుంటూ ఆగుతాడు. ఆగినప్పుడల్లా యాంప్లిఫయర్ కునుకు తీస్తోంది. మళ్లీ మాట మొదలుపెడితే లేస్తోంది గాని, లేచేలోపు మొదటి మాటను మింగేస్తోంది.

"ఆయన తన సర్వీసులో ఏనాడూ..." అని ఆగాడు. టక్. "తప్పుడు పనులు చేయలేదు" అన్నాడు. హాల్లో వినబడింది "పనులు చేయలేదు" అని మాత్రమే.

వెనుక ఎవరో దగ్గారు.

"ఇన్నేండ్లలో ఒక్కరోజు కూడా ఆఫీసుకు..." టక్. 'ఆలస్యంగా' అన్న మాట పోయింది. "రాలేదు."

ముందు వరుసలో చనిపోయినాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పక్కావిడ ఆమె వీపు నిమిరింది. అక్క ఇక ఆగలేదు. మూత విప్పడానికి వీల్లేదు, స్క్రూడ్రైవర్ ఇంట్లో ఉంది. చీర చెంగు బిగించి వంగుతూ వంగుతూ పోయి వేదిక పక్కన నేల మీద కూర్చుంది. అధ్యక్షుడు ఆగినప్పుడల్లా, సెట్టుకు కునుకు పట్టకుండా మైకు స్టాండును పెన్నుతో 'టిక్కు టిక్కు' మని కొట్టడం మొదలుపెట్టింది. ఆయన ఆమె వైపు ఒకసారి చూశాడు. మళ్లీ ఆగాడు, మళ్లీ టిక్కు టిక్కు. టైమైపోయిందని సైగ చేస్తున్నారనుకున్నాడు. ముఖం చిన్నబుచ్చుకుని "వారి ఆత్మకు శాంతి కలుగుగాక" అని కూర్చున్నాడు.

ఆయన అంత పొట్టిగా ముగించడం ఎవరూ ఎరగరట. చాయ్ తాగేటప్పుడు ఒకాయన అక్క దగ్గరకొచ్చి "ఇగ మన మీటింగులన్నిటికి ఈ డబ్బనే తీస్కరావాలె" అన్నాడు. చనిపోయినాయన భార్య కూడా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ మిషిని మంచిదమ్మా. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఏనాడు టైముకు వోయిండు" అంది. అని నిజంగా ఏడ్చింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికి రాగానే పెద్ద కెపాసిటర్ వేసింది. ఆ తర్వాత కునుకు బ్రహ్మాండంగా కుదిరింది. ఫ్రిజ్‌కు లేవదు, మిక్సీకి లేవదు, పాటకు మాత్రమే లేస్తుంది. ఎండాకాలంలో ఇంట్లో కూర్చోగలిగాం. ఒక వారం చూసి, "నడుస్తది" అంది అక్క.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను నీళ్ల మోటారు వేయమని అడగడానికి కిందికి దిగాను. అక్క హాలు గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి మాట్లాడొద్దని చెయ్యెత్తింది. లోపల బావ యాంప్లిఫయర్ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, తల ఊపుతున్నాడు. ఇంట్లో ఎక్కడా పాట లేదు. పెన్‌డ్రైవ్‌లోని పాటలు ఎప్పుడో అయిపోయాయి. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

అక్క అలవాటుగా అరవబోయి నోరు మూసుకుంది. మెల్లగా ఆయన పక్కకు పోయి, చెవి దగ్గర వంగి అడిగింది.

"ఏం పాట నడుస్తాందయ్యా?"

"పాతదేనే. మంచిగున్నది. నువ్వు గూడ కూసోని ఇను."

ఆమె కాసేపు ఆయన పక్కన కూర్చుంది కూడా. తర్వాత వంటింట్లోకి వచ్చింది. నేను వెనకాలే వెళ్లాను. చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి, పొయ్యి వెలిగించడం మరిచిపోయింది.

"ఎన్నాళ్ల సంది గిట్ల అయితాందో తమ్మీ. దీపం పెట్టకపోతే నాకు ఎన్నటికి తెల్వకపోవు."

"చెవుల మిషిని పెట్టిద్దాం అక్కా."

"పెట్టుకోడు. ఎన్నిసార్లు చెప్పలే? ముసలోడినయిన్నా నేను, అంటడు. డెబ్బయి ఏండ్లాయనకు ముసలితనం ఇంకెప్పుడొస్తదట?"

నాలుగు రోజుల తర్వాత బావకు, గల్లీకి వినబడేటట్టు ప్రకటించింది. "యాంప్లిఫయర్ల ఒక్క పని మిగిలింది. ఆఖరి సెట్టింగుకు నీ చెవి కొలత కావాలె. హన్మకొండ పోదాం పా."

తన చెవుల కోసమంటే బావ కదిలేవాడు కాదు. యాంప్లిఫయర్ కోసమనేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. దవాఖానలో ఆయన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. నేనూ తోడు వెళ్లాను. గీతలు గీసిన కాగితం డాక్టరమ్మ చేతిలోంచి అక్క చేతిలోకి వచ్చింది. డాక్టరమ్మ వివరించడం మొదలుపెట్టేలోపే అక్క వేలుతో గీత వెంట పోయి ఒకచోట ఆగింది.

"ఇగో, సన్న సప్పుళ్లకు ఈడికెళ్లి లైన్ డౌన్ ఉన్నది. బొంగురు సప్పుళ్లకు ఎక్స్ఛేంజి మంచిగనే ఉన్నది."

డాక్టరమ్మ కొంచెం ఆలోచించి, అంతేనమ్మా అంది.

మిషిని చేతికి వచ్చిన రోజు దాన్ని అరచేతిలో పెట్టుకుని బావకు చూపించింది. చిక్కుడు గింజంత ఉంది.

"ఇది ఏంది?" అన్నాడాయన అనుమానంగా.

"యాంప్లిఫయర్ ఆఖరి ముక్క. పెట్టెల పట్టలేదు. అందుకే నీ చెవిల పెడుతాన్న."

"చెవుల మిషిని కాదు గద?"

"మిషినేందయ్యా? పదేండ్ల సంది నేను చేస్తున్నదాన్ని నీకు మిషిని అని ఇస్తనా?"

ఆయన తల వంచి చెవి ఇచ్చాడు. ఆమె పెట్టింది. "ఎట్లున్నది?" అని ఎప్పటిలాగే అడిగింది. బావ కుర్చీలో ఉలిక్కిపడ్డాడు.

"జర మెల్లగ మాట్లాడరాదే. చెవులు వగిలిపోతాన్నయి."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క నా వైపు గుడ్లురిమి, యాంప్లిఫయర్ దగ్గరకు పోయింది. పెన్‌డ్రైవ్ పెట్టబోయింది. బావ చెయ్యెత్తి ఆపాడు. ముఖం చిట్లించి, స్పీకర్ వైపు చెవి తిప్పాడు.

"గుయ్యి మంటాంది."

"ఏంది గుయ్యి మనేది? దాంట్ల సప్పుడే లేదు. సూది కింద వడ్డా ఇనవడుతది."

"గుయ్యి మంటాందే. తుమ్మెద లెక్క."

అక్క స్పీకర్‌కు చెవి ఆనించింది. ఏమీ లేదంది. నన్ను పిలిచింది. నేను వంగి విన్నాను. నిజమే, చాలా సన్నగా ఉంది. తలెత్తి అక్క ముఖం చూశాను.

"ఉన్నదా?"

"జర ఉన్నది అక్కా."

కోపం వస్తుందనుకున్నాను. ఆమె కొంగు బొడ్లో దోపుకుని మూత విప్పింది. లోపల వంగి చూసి, కునుకు కోసం వేసిన కొత్త వైరు ట్రాన్స్‌ఫార్మర్‌ను రాసుకుంటూ పోయిందని గుర్తుపట్టింది. పెన్సిల్‌తో ఆ వైరును కొద్దిగా పైకెత్తింది.

"ఇప్పుడు?"

"పోయింది" అన్నాడు బావ.

దించింది. "ఇప్పుడు?"

"వచ్చింది."

మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. తప్పు ఎక్కడుందో మొదటిసారికే తెలిసిపోయింది గాని, ఆమె అడుగుతూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు, ప్రతిసారీ సరిగ్గా. చివరికి మైనపు దారం తీసి, "ఇగ దీన్ని అవతలికి కట్టేస్త. ఒక్క నిమిషం పని" అంది.

"ఉండనియ్యరాదు" అన్నాడు బావ.

"ఏంది ఉండనిచ్చేది?"

"ఆ గుయ్యి. మంచిగ ఇనవడుతాంది."

"అది తప్పయ్యా. తప్పును ఎవలన్న ఉండనిస్తరా?"

"తప్పో ఒప్పో. నా అంతల నేను ఇన్న."

అక్క నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. ఆమె మైనపు దారాన్ని వేలికి చుట్టుకుంది. తర్వాత దారాన్ని తీసి డబ్బాలో పెట్టింది.

"ఒక్క దినమే. రేపు పొద్దుగాల తీసేస్త."

మూత మూసింది. రేపు పొద్దున విప్పాల్సిన మూతకు ఎవరైనా ఒక స్క్రూ పెట్టి వదిలేస్తారు. ఆమె నాలుగు మూలలా నాలుగు స్క్రూలూ పెట్టి, ఒక్కొక్కటే చివరిదాకా బిగించింది.